ఆర్‌ఎక్స్ కోసం బయల్దేరి సీడీ 100తో ఇంటికొచ్చాను

2025 సెప్టెంబరు 24, బుధవారం సాయంత్రం. ఆఫీసు నుంచి వస్తూ విజయవాడ పటమటలో సిగ్నల్ దగ్గర ఆగి ఫోన్ తీస్తే డిజిలాకర్‌లో కొత్త ఆర్‌సీ కనిపించింది. హీరో హోండా సీడీ 100, తయారీ 1995, యజమాని నేను, చెల్లుబాటు 2030 వరకు. వెనక హారన్లు మోగుతున్నా రెండుసార్లు చదువుకున్నాను. ఈ పని మొదలుపెట్టింది కిందటి దీపావళికి. అంటే దాదాపు పదకొండు నెలలు. అప్పుడు కొందామనుకున్న బండి ఇది కానే కాదు.

నాకు క్లాసిక్ 350 ఉంది, 2022లో కొన్నది. దాన్ని ఒక్క మాట అనను, మంచి బండి. కానీ బరువు 195 కిలోలు, నాకేమో 47 ఏళ్లు. అపార్ట్‌మెంట్ పార్కింగులో దాన్ని వెనక్కి లాగి తిప్పాలంటే వాచ్‌మన్ ఒక చెయ్యి వెయ్యాల్సిందే. దీపావళి సాయంత్రం పిల్లలు టపాసులు కాలుస్తుంటే పక్కకు జరుపుదామని ఒక్కణ్ణే లాగాను. నడుం పట్టేసింది. రెండు వారాలు మంచం. పడుకుని చేసేదేముంది, ఓఎల్‌ఎక్స్‌లో పాత బండ్లు చూడటం మొదలుపెట్టాను. చిన్నది, తేలికైనది, కిక్కు కొట్టి తీసేది, ఆదివారం పొద్దున కరకట్ట మీద అలా ఉండవల్లి దాకా వెళ్లి రావడానికి.

"ఉన్నదాన్నే తోయలేక మంచం ఎక్కారు, మళ్లీ ఇంకోటా?" అంది మా ఆవిడ. అందుకే తేలికైనది అంటున్నాను అన్నాను. ఆ వాదన చెల్లలేదు. బడ్జెట్ మాత్రం అరవై వేలు దాటకూడదని ఒప్పందం కుదిరింది.

మా వయసు వాళ్లకు పాత బండి అంటే యమహా ఆర్‌ఎక్స్ 100. నేను 1996లో కాలేజీలో చేరాను. ఆ ఏడాదే ఆ బండి తయారీ ఆగిపోయిందని అప్పట్లో తెలీదు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, నూట మూడు కిలోల బరువు. కాగితం మీద ఇది పెద్ద విశేషంగా అనిపించదు. సీనియర్ ఒకడు గేటు దగ్గర యాక్సిలరేటర్ తిప్పితే పెట్రోలుతో కలిసి కాలే టూటీ ఆయిల్ పొగ వాసన క్లాసు రూములోకి వచ్చేది. ఆ వాసన కోసమే వెతికానని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మొదటిది చూసింది నవంబరు 17న, గుంటూరులో. అడిగింది లక్షా నలభై ఐదు వేలు. బడ్జెట్‌కు రెట్టింపు కంటే ఎక్కువే, అయినా "చూస్తే పోయేదేముంది" అని వెళ్లాను. నాతో మా మెకానిక్ బాబాయ్ వచ్చాడు. పటమటలో ముప్పై ఐదేళ్లుగా షెడ్డు నడుపుతున్న మనిషి, నన్ను సార్ అంటాడు, నేను బాబాయ్ అంటాను. అమ్మే కుర్రాడు "అన్నా, జపాన్ మాల్, ఫస్ట్ కిక్" అన్నాడు. నిజంగానే ఫస్ట్ కిక్. అర కిలోమీటరు తోలాను. రెండో గేర్లో ముందు చక్రం తేలికైపోయింది, నా వయసు కూడా ఒక్కసారి పాతికేళ్లు దిగిపోయింది. ఆగాల్సిన చోట బ్రేకు నొక్కితే ఆ డ్రమ్ బ్రేకు ఆలోచించుకుని ఆగింది. ఒళ్లంతా చెమట.

తిరిగొచ్చేసరికి బాబాయ్ హ్యాండిల్ కింద మెడ దగ్గర బండి చట్రం మీద కొట్టిన ఛాసిస్ నంబరు పైన తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుతున్నాడు. ఇంజన్ మీద నంబరు 1ఎల్1తో మొదలైంది, ఆర్‌ఎక్స్‌కు ఉండాల్సినట్టే. ఛాసిస్ మీద కూడా అదే ఉంది గానీ, ఒక అంకె పైకి, ఒక అంకె కిందికి, పల్లెటూరి గోడ మీద ఎన్నికల రాతలా. నంబరు పడిన చోట పెయింటు కొత్తది, చుట్టుపక్కల పాతది. అంటే ఎవరో మళ్లీ కొట్టిన నంబరు. బాబాయ్ ఏమీ అనకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకుని "టీ తాగొద్దాం సార్" అన్నాడు. టీ కొట్టు దగ్గర చెప్పాడు: "ఇది కొంటే బండీ మీదే, కేసూ మీదే." మళ్లీ ఆ ఇంటి వైపు వెళ్లలేదు.

పాత బండి చూడ్డానికి వెళ్లేవాళ్లు పెన్సిలూ తెల్ల కాగితమూ జేబులో పెట్టుకుని వెళ్లండి. టార్చ్ కూడా. నాకు ఈ సంగతి ముందే ఎవరూ చెప్పలేదు.

రెండో ఆర్‌ఎక్స్ హైదరాబాద్‌లో దొరికింది, డిసెంబరు మొదటి వారంలో. ధర తొంభై వేలు, ఫొటోలు బాగున్నాయి, నంబరు ఏపీతోనే మొదలైంది. ఆంధ్రా బండే కదా అనుకుని మా ఆవిడకు తెలియకుండా ఐదు వేలు అడ్వాన్సు పంపాను. తర్వాత ఆర్‌సీ ఫొటో చూస్తే అది ఇప్పుడు తెలంగాణలో ఉన్న జిల్లాలో రిజిస్టరైంది. రాష్ట్రం విడిపోయి పదేళ్లయింది, నంబరు ప్లేటుకు ఆ సంగతి తెలీదు. దాన్ని విజయవాడకు మార్చుకోవాలంటే అభ్యంతరం లేదని అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తేవాలి, అంటే ఫారం 28, ఆర్‌సీలో ఉన్న యజమాని సంతకం. ఆ యజమాని ఎవరయ్యా అంటే, అమ్మేవాడికి అమ్మినవాడికి అమ్మిన ఆయన. అమెరికాలో ఉన్నాడట. మధ్యలో ఇద్దరు తమ పేరు మీదకు మార్చుకోనేలేదు. "ఎన్‌ఓసీ మీరే చూసుకోండన్నా, బండి సూపరు" అన్నాడు. అడ్వాన్సు వెనక్కి అడగడం నాకు నచ్చని పని. నలభై రోజులు ఫోన్లు చేశాక జనవరి 22న మూడు వేలు వచ్చాయి. మిగతా రెండు వేలను ట్యూషన్ ఫీజుగా రాసుకున్నాను.

ఈ మధ్యలో, కనుమ మర్నాడు, తెనాలిలో మా అత్తగారి ఊరు నుంచి వస్తూ ఒక యెజ్డీ చూశాను. ఈ పదకొండు నెలల్లో మనసు పారేసుకున్నది దాని మీదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

250 సీసీ, ఒక్కటే సిలిండర్, సైలెన్సర్లు మాత్రం రెండు. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారైన బండి, ఆ ఫ్యాక్టరీ కూడా 1996లోనే మూతబడింది. తాళం చెవి అంటే మనకు తెలిసిన తాళం చెవి కాదు, చిన్న మేకులా ఉంటుంది, గుచ్చితే ఆన్ అవుతుంది. కిక్కు రాడ్డు ఎడమవైపు. అసలు కిక్కు రాడ్డు, గేరు రాడ్డు రెండూ ఒకటే: లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక ముందుకు వాల్చితే గేరు. పుట్టి బుద్ధెరిగాక కుడికాలితోనే కిక్కు కొట్టిన వాణ్ణి, మా క్లాసిక్‌కు అదీ లేదు, బటనే. ఎడమకాలితో పది సార్లు కొట్టాను. బండి యజమాని గోడకు ఆనుకుని "తొందర లేదండీ" అంటున్నాడు. పదకొండోసారి తగులుకుంది. అబ్బ, ఆ చప్పుడు! గుడిలో నగారా దూరం నుంచి వినిపించినట్టు. వీధి చివర దాకా వెళ్లొచ్చాను. మూడో గేర్లో వదిలేస్తే అదే వెళ్తోంది.

ధర ఎనభై ఐదు వేలు, బేరం చేస్తే డెబ్బై ఐదుకు దిగేట్టున్నాడు. కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. మా ఆవిడ కారులో కూర్చుని నా ముఖం చూసి "తీసుకోండి, నడుం సంగతి తర్వాత చూద్దాం" అంది. అలా అనడం పదకొండు నెలల్లో అదొక్కసారే. నేనే వెనక్కి తగ్గాను. ఒకటి, ఆ సాయంత్రానికే ఎడమ మోకాలు వాచింది. రెండు, బంకుకు వెళ్లిన ప్రతిసారీ ఆయిల్ కొలిచి పెట్రోల్‌లో కలపాలి. మూడోది అసలు కారణం. దాన్ని చూసే మెకానిక్ ఎవరని అడిగితే తెనాలిలో ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్లారు. డెబ్బై దాటాయి. యెజ్డీ ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల గ్యాపు కంటితో చూసి సెట్ చేసే మనిషి. నేను సంగతి చెప్పగానే తన రెండు చేతులూ చాపి చూపించాడు. వణుకుతున్నాయి. "కొనుక్కో బాబూ, మంచి బండి. కానీ నన్ను నమ్ముకుని కొనకు" అన్నాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఫిబ్రవరి, మార్చి ఉత్తినే పోయాయి. ఒక సుజుకి సమురాయ్ బండి చూశాను, ట్యాంకు అడుగు తుప్పుతో జల్లెడ. తెలిసినాయన ఇంట్లో రాజ్‌దూత్ ఉంది, "ఊరికే తీసుకెళ్లండి" అన్నాడు, ఆర్‌సీ బుక్కు వరదల్లో పోయిందట. బుక్కు లేని బండి ఊరికే ఇచ్చినా ఖరీదైనదే అని అప్పటికి బుద్ధొచ్చింది. ఇంకొకాయన ఫోన్లో "వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు" అని సలహా ఇచ్చాడు. ఆ నిబంధనలు 2021లో వచ్చాయి, నిజమే. కానీ బండికి 50 ఏళ్లు నిండాలి, రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, పైగా ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కకూడదు. ఆదివారం ఇడ్లీ తిని రావడం ఆ జాబితాలో లేదు.

ఏప్రిల్ మొదట్లో బాబాయ్ అడిగాడు, "సీడీ హండ్రెడ్ చూస్తారా సార్?" అని. నవ్వేశాను. పాలవాళ్ల బండి, ఎల్‌ఐసీ ఏజెంట్ల బండి. "ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్" అని ప్రకటన వచ్చేది చూడండి, అది. ఎనిమిది హార్స్‌పవర్ కూడా ఉండదు. సరదా కోసం సీడీ 100 కొనడమంటే సరదా కోసం రేషన్ షాపుకు వెళ్లడం లాంటిదని అన్నాను. బాబాయ్ నవ్వలేదు. "నాకు తెలిసిన ఒక మాస్టారి బండికి నేను స్పానర్ పెట్టాల్సిన అవసరం ముప్పై ఏళ్లలో పెద్దగా రాలేదు. ఒకసారి చూడండి" అన్నాడు.

ఏప్రిల్ 13, ఆదివారం. ఉయ్యూరు దాటాక లోపలికి ఒక ఊరు. రిటైరైన లెక్కల మాస్టారు, 78 ఏళ్లు. కంటి ఆపరేషన్ అయ్యాక పిల్లలు బండి తోలొద్దన్నారట. వసారాలో పాత దుప్పటి కప్పి ఉంది. దుప్పటి తీశారు. నల్ల ట్యాంకు, మీద ఎర్ర గీతలు, మడ్‌గార్డుల క్రోమ్ అక్కడక్కడ చుక్కలు తేలింది, చైను మొత్తాన్ని కప్పే కవర్ చెక్కు చెదరలేదు. హెడ్‌లైటు పైన ఎండిపోయిన పసుపు బొట్టు.

నేను బండి చూస్తుంటే ఆయన లోపలికెళ్లి ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు తెచ్చారు. 1995 సెప్టెంబరు నుంచి పోసిన పెట్రోలు, మార్చిన ఆయిలు, వేయించిన పంక్చర్లు, తేదీలతో సహా. ఎడమ పేజీలో ఖర్చు, కుడి పేజీలో కిలోమీటర్లు, కింద లీటరుకు ఎంత ఇచ్చిందో భాగహారం. చివరి పేజీల్లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ వివరాలు: 2010, 2015, 2020. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలని తెలిసినవాళ్లే తక్కువ, చేయించేవాళ్లు ఇంకా తక్కువ. ఇన్సూరెన్స్ కాగితాలు దారంతో కుట్టి ఉన్నాయి. ఛాసిస్ నంబరు రుద్దాం, ఇంజన్ నంబరు రుద్దాం, రెండూ ఆర్‌సీ బుక్కుతో కలిశాయి. అప్పటికి నేను ఇంకా కిక్కు కూడా కొట్టలేదు, కానీ బండి కొనేశానని బాబాయ్‌కు తెలిసిపోయింది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

రెండో కిక్కుకు స్టార్టయింది. చప్పుడు అంటారా? కుట్టుమిషను నయం.

బేరం జరగలేదు, పెళ్లిచూపులు జరిగాయి. "ఎక్కడ పెడతారు? ఎండలోనా? పిల్లలు తోలతారా? సైలెన్సర్ మారుస్తారా?" అన్నింటికీ బుద్ధిగా జవాబు చెప్పాను. ఇరవై నాలుగు వేలన్నారు, సరేనన్నాను. డబ్బు తీసుకున్న రోజు అందులోంచి ఐదొందల నోటు తీసి "పెట్రోలుకు ఉంచండి బాబూ" అని వెనక్కిచ్చారు.

ఏప్రిల్ 27న పొద్దున ఐదు ముక్కాలుకు బయల్దేరాను, ఎండెక్కకముందే ఇల్లు చేరాలని. ముప్పై కిలోమీటర్లు. ఇక్కడొక హెచ్చరిక. మా క్లాసిక్‌లో ఫస్ట్ గేరు కిందికి, మిగతావి పైకి. సీడీ 100లో నాలుగూ ముందుకే నొక్కాలి. తల ఒప్పుకుంది, కాలు ఒప్పుకోలేదు. కంకిపాడులో ఒక ఆటో అడ్డం వస్తే గేరు తగ్గిద్దామని ముందుకు నొక్కాను, అది పై గేరుకు పోయింది, బండి గుంజుకుంటూ ఆగిపోయింది. ఆటోవాడు కిందికీ పైకీ చూసి "ఏంది సార్, కొత్త బండా?" అన్నాడు. ఆ తర్వాత ఇంటిదాకా గేరు వేసిన ప్రతిసారీ "ముందుకు, ముందుకు" అని పైకి అనుకుంటూ వచ్చాను. ఇంటికి వచ్చాక అసలు ప్రమాదం మొదలైంది: ఇప్పుడు క్లాసిక్ మీద తప్పులు చేస్తున్నాను. రెండు బండ్లూ వాడదలచుకున్నవాళ్లు ధర కంటే ముందు గేర్ల వరస కలుస్తుందో లేదో చూసుకోండి.

పెనమలూరు దగ్గర వెనక టైరు పంక్చరైంది. ముప్పై ఏళ్ల బండికి టైర్లు ఎన్నేళ్లవో నేను అడగలేదు. కొట్టు కిలోమీటరు దూరం. తోసుకుంటూ వెళ్లాను. సగం దూరం వెళ్లాక గుర్తొచ్చింది, ఒక్కణ్ణే తోస్తున్నాను, నడుం ఏమీ అనడం లేదు. నవ్వుకుంటూ తోశాను. దారినపోయేవాళ్లు ఏమనుకున్నారో.

మే నెలంతా షెడ్డులో ఉంది. బాబాయ్ ఎందుకు సీడీ 100 చూపించాడో అక్కడ అర్థమైంది. ఇంజన్ విప్పి రింగులు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు మార్చాలన్నాడు. ఏడుస్తూ వెతుక్కోవాలేమో అనుకున్నాను. కుర్రాణ్ణి వీధి చివర స్పేర్ పార్ట్స్ కొట్టుకు పంపాడు, అరగంటలో తెచ్చాడు. అదే 97.2 సీసీ ఇంజన్ తర్వాత స్ప్లెండర్‌లో వచ్చింది, ఊరూరా స్ప్లెండర్లు తిరుగుతున్నంత కాలం లోపలి సామానుకు కరువు లేదు. పైకి కనిపించేవే దొరకవు. ట్యాంకు మీది బ్యాడ్జి, సైడు ప్యానెల్ తాళం, చైన్ కవర్ రబ్బరు బిళ్ల. ఆ రబ్బరు బిళ్ల కోసం ఐదు వారాలు ఆగాం, చివరికి బాబాయ్ చెప్పు అడుగు కోసి బిగించాడు. ఇప్పటికీ అదే ఉంది.

ఇంజన్ పని 6,800. రెండు టైర్లు, ట్యూబులు 3,900. వైరింగు, స్విచ్చులు 1,650. బ్యాటరీ 1,100, కార్బొరేటర్ 1,450, సీటు కవర్ 700. మడ్‌గార్డులకు మళ్లీ క్రోమ్ పట్టించడానికి 2,200, అదొక్కటీ దండగ. కొత్త మెరుపు పాత ట్యాంకు పక్కన పెళ్లికొడుకు పక్కన తోడుపెళ్లికొడుకులా ఉంది. ట్యాంకుకు పెయింటు వేయించలేదు. ఆటోనగర్‌లో పెయింటరు "మెటాలిక్ కొట్టేద్దాం సార్, కొత్త బండి అనుకుంటారు" అన్నాడు. అందుకే వద్దన్నాను.

ఇక కాగితాలు. నా దగ్గర అన్నీ పక్కాగా ఉన్నాయి కదా అని ధీమాగా ఆర్టీవో ఆఫీసుకు వెళ్లాను. యజమాని పేరు మార్చే ఫారం 29, ఫారం 30 మీద మాస్టారి సంతకాలు, ఆధార్‌లు, ఆర్‌సీ బుక్కు, అన్నీ. ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే ఓటీపీ రాదు. 2020లో రెన్యువల్ చేయించిన ఏజెంటు మాస్టారి నంబరు బదులు తన నంబరు ఇచ్చాడు, ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. దాన్ని మార్పించడానికి మాస్టారిని ఉయ్యూరు నుంచి కారులో తీసుకొచ్చాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెన్ను జేబులో పెట్టుకుని వచ్చారు. అది మే 19.

నంబరు మారాక ఇంకోటి తేలింది. బుక్కులో ఇంజన్ నంబరులో 'బి' అక్షరం ఉంటే, కంప్యూటర్‌లో ఎవరో దాన్ని 8 అని కొట్టారు. ఒక్క అక్షరం. మాస్టారు ముప్పై ఏళ్లు భాగహారాలు తప్పు లేకుండా చేస్తే, తప్పు మరెక్కడో కూర్చుంది. దాన్ని సరిచేయాలంటే దరఖాస్తు, స్లాట్, బండి భౌతికంగా చూపించడం. స్లాట్ జూన్ 11న దొరికింది. ఇన్‌స్పెక్టర్ వంగి టార్చ్ వేసి చూసి "బీయే" అన్నాడు. అంతే, పది సెకన్లు. కానీ కంప్యూటర్‌లో 8 కాస్తా బి కావడానికి జూలై 2 వచ్చింది. ఆ మూడు వారాల్లో నాలుగుసార్లు వెళ్లాను. రెండోసారి వెళ్లినప్పుడు కారిడార్‌లో నిలబడి నాకు నేనే తిట్టుకున్నాను, 24 వేల బండి కోసం ఇంత అవసరమా అని. కిటికీ అవతల ఉన్న అమ్మాయి మాత్రం మర్యాదగా మాట్లాడింది, "అంకుల్, బుక్కు జెరాక్స్ రెండు వైపులా పెట్టండి, లేకపోతే మళ్లీ తిప్పుతారు" అని ముందే చెప్పింది. ఆ మాట నాకు ఒక వారం మిగిల్చింది. అంకుల్ అన్నందుకు కూడా ఏమీ అనుకోలేదు.

ట్రాన్స్‌ఫర్ ఆగస్టు 5న పూర్తయింది. ఫీజు పెద్దదేం కాదు, పోయిన సెలవులే ఖరీదు. ఇన్సూరెన్స్ కూడా అదే వారం. వెబ్‌సైట్లు 1995 అని కొట్టగానే ముందుకు పోనివ్వలేదు, ఏజెంటు ద్వారా థర్డ్ పార్టీ తీసుకున్నాను. ప్రీమియం 714, జీఎస్టీతో 843 రూపాయలు.

రిజిస్ట్రేషన్ గడువు సెప్టెంబరు 18తో అయిపోతుంది. రెన్యువల్‌కు అరవై రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. జూలైలోనే పెడదామంటే నా పేరు మీదకు ఇంకా రాలేదు. వచ్చాక, పంద్రాగస్టు సెలవులు అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. ఆ నెలలోనే కేంద్రం 20 ఏళ్లు దాటిన బైకుల రెన్యువల్ ఫీజు పెంచింది, అంతకుముందు 1,000 ఉండేది 2,000 అయింది. నేను కట్టింది ఆగస్టు 29న. 'చూద్దాంలే' ఖరీదు వెయ్యి.

సెప్టెంబరు 9న ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లాను. బ్రేకులు బాగున్నాయి, పొగ బాగుంది, హారన్ మోగింది. ఎడమ ఇండికేటర్ వెలుగుతోంది గానీ ఆరి వెలగడం లేదు. వెనక్కి పంపించారు. ఇంజన్ మొత్తం విప్పించిన వాణ్ణి, ఇండికేటర్‌ను ఆర్పి వెలిగించే ఫ్లాషర్ చూసుకోలేదు. 16న మళ్లీ వెళ్లాను, పాసైంది. 18న గడువు దాటింది, ఆ ఆరు రోజులూ బండి పార్కింగులోంచి కదపలేదు. 24న ఆర్‌సీ వచ్చింది.

మొత్తం లెక్క: బండి, రిపేరు, ఫీజులు, ఇన్సూరెన్స్, హైదరాబాద్‌లో పోయిన రెండు వేలతో కలిపి నలభై ఎనిమిది వేల లోపే. మా ఆవిడకు ఈ లెక్క చూపించాను. హైదరాబాద్ లైను దగ్గర ఆగి "ఇదేంటి?" అంది.

తోలడం ఎలా ఉందంటే, యాభై దాకా హాయిగా ఉంటుంది, అరవై దగ్గర అద్దాలు వణుకుతాయి, ఆ పైన నేను వెళ్లలేదు. బ్యారేజీ మీద సిటీ బస్సులు నన్ను దాటుకుని పోతాయి. రాత్రిపూట ఇంజన్ స్పీడును బట్టి హెడ్‌లైటు వెలుగుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే దీపం కొండెక్కినట్టే, కాబట్టి చీకటి పడకముందే ఇంటికి. లీటరుకు 62 ఇస్తోంది. ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పాత రబ్బర్లు ఆగవని బాబాయ్ పైపు, వాషర్లు ముందే మార్చాడు. వారం పైన నిలిపితే ట్యాపు కట్టేసి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపమన్నాడు.

ఆర్‌ఎక్స్ మీద వెళ్తే కుర్రాళ్లు వచ్చి మాట్లాడేవాళ్లేమో. దీని మీద వెళ్తే పెద్దవాళ్లు వస్తున్నారు. సీతానగరంలో టీ తాగుతుంటే ఒకాయన ట్యాంకు మీద చెయ్యి వేసి, ఏమీ మాట్లాడకుండా కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఉండవల్లి దగ్గర ఇంకొకాయన తన పెళ్లికి ఇచ్చిన బండి ఇదేనని, అమ్మేశాక ఆవిడ నెల రోజులు మాట్లాడలేదని చెప్పాడు. యెజ్డీ కోసం ఇప్పటికీ తెనాలి వైపు వెళ్లినప్పుడు ఆ వీధిలోంచే వెళ్తుంటాను. ఇంకా అమ్ముడుపోలేదు.

మాస్టారు నెలకోసారి ఫోన్ చేస్తారు. మొన్న ఆదివారం చేసి, నోటుబుక్కు ఎవరు రాస్తున్నారని అడిగారు. నేనే అన్నాను. చివరి పంక్తి చదవమన్నారు. చదివాను: "12-10-2025, 3 లీటర్లు, 186 కి.మీ., లీటరుకు 62. ఎడమ ఇండికేటర్ మళ్లీ ఆగింది."

"ఆ కుడి పేజీలో కిలోమీటర్లు రాయాలి బాబూ, ఎడమవైపు కాదు" అన్నారు.